సొమ్మును రూపును – అనంతపుర సీమ నగల చరిత్ర

తెలుగు భాషయందు నగకు సొమ్మని పేరు. ధనమునకును సొమ్మనియే పేరు. కొన్ని తావులలో పసులను గూడ సొమ్ములనియే పిలుతురు. సంస్కృతమునందలి భూషణము, అలంకారము అను మాటలు ఒంటికి గలుగు శోభను చెప్పి ఊరకుండును. తెలుగుమాట శోభను, ఆస్తిని ఒక్క ముడిలో కట్టినది. మన యిండ్లలో రూపు అను మాట మరియొకటి కలదు. శ్రావణమాసమున వరలక్ష్మీ వ్రతమునాడు పూజలో నుంచి, పిదప మెడలోని సూత్రమునకు గ్రుచ్చుకొను చిన్న బంగారు బిళ్లను లక్ష్మీరూపందురు. అందలి బంగారము కొద్ది గురిగింజల యెత్తు మాత్రమే. ఇల్లాలు దానిని కొనునది దానిపైనున్న అమ్మవారి బొమ్మ కొరకు. ఈ రెండు మాటలను ప్రక్కప్రక్కన నుంచి చూచినచో అనంతపుర సీమలో నగల పనితనము ఎట్లు నడచినదో, పాత నగల జాడలు ఇండ్లలో దొరకక గుళ్లలో ఎందుకు దొరకుచున్నవో తెలియగలదు.

పుట్టపర్తి కేంద్రముగా 2022 ఏప్రిల్ 4వ తేదీన శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడుటతో లేపాక్షి, పెనుకొండ, హేమావతి, రామగిరి, నిమ్మలకుంట అను ఐదు ఊళ్లును ఒక్క జిల్లాలోనివైనవి. ఈ కథ చాలవరకు ఆ ఐదు ఊళ్ల నడుమనే జరిగినది. పాత అనంతపురము జిల్లాకు ఏటా పడు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు అదనుకు పడదు. వాన విషయమున ఇంత లోభించిన ప్రకృతి నేలలోపల మాత్రము ఉదారముగ నున్నది. రామగిరి కొండలలో బంగారు గనులు కలవు. ఇరువదవ శతాబ్ది తొలిపాదమున ఆంగ్లేయ కంపెనీవారు అచ్చట గని నడపిరి. తరువాతి దశలో భారత్ గోల్డ్ మైన్స్ సంస్థవారు పని సాగించిరి. 2001లో ఆ సంస్థ మూతబడినది. అనంతపురము జిల్లాలోని వజ్రకరూరునందు వజ్రములు గల కింబర్లైటు శిల, అనగా భూమి అడుగునుండి పెల్లుబికి గొట్టమువలె గట్టిపడిన రాయి, కలదు. తొలకరి వానకు మన్ను కడుగబడగానే పొలములలో తల వంచుకొని వజ్రములకై వెదకు జనము నేటికిని కనబడుదురు. రాయి దొరకినవాడు దానిని ఉంగరమున పొదిగించుకొనెనని వినుట అరుదు. వాడు వర్తకునకు అమ్మి అప్పు తీర్చుకొనును. ఈ సీమలో విలువగల వస్తువు నడచు దారి తరచుగా ఇట్టిదే.

నగను లెక్కించుట మన పెద్దలకు బహుకాలముగ అలవాటు. కౌటిల్యుని అర్థశాస్త్రమున ముత్యాల హారములకు పేటల సంఖ్యనుబట్టి పేర్లు కలవు. 1008 పేటలది ఇంద్రచ్ఛందము, 504 పేటలది విజయచ్ఛందము, 100 పేటలది దేవచ్ఛందము, 27 పేటలది నక్షత్రమాల. వేయియెనిమిది పేటలను మోసిన మెడ ఎవ్వరిదో గాని, పేరు మాత్రము ఇంద్రునికి తగినట్లే యున్నది. అమరసింహుడు నక్షత్రమాలకు వేరొక లెక్క చెప్పినాడు: ఇరువదియేడు ముత్యములుగల ఒంటిపేట. పేటలైనను ముత్యములైనను సంఖ్య ఒక్కటే, ఏలయనగా చంద్రుడు నడచు దారిలోని నక్షత్రములు ఇరువదియేడు. ఇచ్చట లెక్క కళగా మారినది. కొలుచుటకు పుట్టిన సంఖ్య ఆకాశమును తెచ్చి మెడలో వేసినది. ఆ అర్థశాస్త్రమే కంసాలి చేయగల దొంగతనములను, త్రాసు మోసము మొదలు పైపూత మోసము వరకు, ఐదు రకములుగ విడదీసి చెప్పినది. దొంగతనమునకు ఐదు పేర్లు పెట్టిన శాస్త్రము పనివానికి ఒక్క పేరైనను మిగుల్చలేదు. మన దేశమున నగ చేసినవాని పేరు తెలిసిన నగలు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని గూడ లేవు.

అందువలన నగల చరిత్రకు శిల్పములే ఆధారము. అమరావతి, నాగార్జునకొండ శిల్పములలోని స్త్రీల కాళ్లకు బరువైన కడియములు, నడుములకు పూసల మేఖలలు కనబడును. ఆ కాలమునకు చెందిన రోమకదేశపు బంగారు నాణెములు ఆంధ్రదేశమున పలుచోట్ల దొరకినవి. మన దేశమున దొరకిన అట్టి నాణెములలో కొన్నింటికి రంధ్రము చేసియో, కొంకి తగిలించియో మెడలో వేసికొనుటకు అనువుగ మార్చియున్నారు. పరదేశపు చక్రవర్తి తల మన పడతి మెడలో పతకమైనది. నేటి కాసులపేరునకు అది ముత్తవ్వ యనదగును. కాసులపేరు రూపమే సొమ్మునకు రూపు తొడిగిన రూపము: దాచుకొనిన ధనమును దాచకుండ వరుసగా గ్రుచ్చి పదిమందిలో ధరించుట. ఈ ప్రాంతపు సుగాలి స్త్రీలు వెండి రూపాయలకు కొంకులు వేసి హారములుగ కూర్చుకొనుటలోను ఇదే భావము కలదు.

హేమావతి తొమ్మిది, పది శతాబ్దములలో నొలంబ రాజులకు రాజధాని. అచ్చటి నునుపైన నల్లరాతిపై శిల్పులు చేసిన నగిషీ చూచినచో వారు ఉలితో గాక కంసాలి చీరణముతో పనిచేసిరా యనిపించును. అచ్చటి శిల్పములు కొన్ని చెన్నపట్టణపు ప్రభుత్వ మ్యూజియమునకు చేరినవి.

విజయనగర కాలమునకు వచ్చుసరికి సాక్ష్యములు పెరిగినవి. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్, ఆ నగరమున గొప్పవారనక, అంగడివీధి పనివారనక అందరును చెవులకు, మెడలకు, చేతులకు, వ్రేళ్లకు నగలు ధరించియుండిరని వ్రాసెను. రత్నవర్తకులు కెంపులను, పచ్చలను, వజ్రములను బహిరంగముగ అంగళ్లలో అమ్ముచుండిరట. కృష్ణదేవరాయల కాలమున వచ్చిన పోర్చుగీసు వర్తకుడు డొమింగో పేయిస్ మహానవమి ఉత్సవమును చూచి, అంతఃపుర స్త్రీలు కొందరు తమ నగల బరువును తాము మోయలేక, చేతులను చెలికత్తెలు ఎత్తిపట్టుకొనగా నడచిరని చెప్పినాడు. ఆ వాక్యమును చదివి మురియువారు పెక్కుమంది. చేయి ఎత్తుటకు వీలులేని నగను పనితనముగ ఎంచవచ్చునా యన్నది వేరు ప్రశ్న. అది ఖజానాను ఒంటిపై ఊరేగించుట యనుట సరియేమో.

ఆ కృష్ణదేవరాయలే 1513 మొదలు 1521 వరకు ఏడుమారులు తిరుమల దర్శించి స్వామికి సమర్పించిన కిరీటములు, హారములు, పతకములు శాసనములకెక్కినవి. వానిలో నగ పేరు, బంగారపు తూకము, రాళ్ల వివరము వరుసగ చెక్కబడియున్నవి. ఈ పద్ధతికి పూర్వమే తంజావూరి పెద్దగుడిలో రాజరాజచోళుని శాసనములు దారి చూపినవి. సుమారు 1010 నాటి ఆ శాసనములలో బంగారమును తూచిన రాయికి ఆడవల్లాన్ అని, రత్నములను తూచిన రాయికి దక్షిణమేరువిటంకన్ అని దేవుని పేర్లే పెట్టిరి. నగలోని దారము, లక్క గూడ లెక్కకెక్కినవి. రత్నములలోని దోషములు సైతము విడువక వ్రాసిరి. లెక్క వ్రాయువారు ఆ గోడలకు ఒక్కమారైనను మ్రొక్కవలెను. ఆ నగలలో ఒక్కటియు నేడు కానరాదు. వాని వర్ణన మాత్రము రాతిపై నిలిచియున్నది.

ఇక లేపాక్షి. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) విరూపణ్ణ, వీరణ్ణ అను సోదరులు వీరభద్రస్వామి ఆలయమును కట్టించిరి. 2022లో ఈ ఆలయమును, నందిని యునెస్కోవారి తాత్కాలిక జాబితాలో చేర్చిరి. గుడికి వెలుపల ఒకే బండనుండి మలచిన నంది సుమారు 27 అడుగుల పొడవున పండుకొనియున్నది. దాని మెడలోని హారములను, గంటల పట్టెడలను శిల్పి ఎంత ఓపికతో చెక్కెనో చూడవలెను. పసులు సొమ్ములన్న మాటకు ఇంతకంటె పెద్ద నిదర్శనము దొరకదు. ఏరువాకనాడు ఎద్దుల మెడలో గజ్జెలు, గంటలు కట్టు రైతు ఆ నందిని చూచినచో తన యింటి నగనే గుర్తించును.

గుడిలోపలి మంటపముల కప్పులపైనున్న వర్ణచిత్రములు నగల చరిత్రకు మరింత విలువైనవి. సున్నపు గచ్చుపై నల్లని గీతతో ఆకారమును గీసి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ, తెలుపు వన్నెలు నింపిరి. పార్వతీకల్యాణము, కిరాతార్జునీయము, గౌరికి అలంకారము చేయు ఘట్టము, విరూపణ్ణ సోదరులు స్వామిని కొలుచుట మొదలగు చిత్రములు అందులో కలవు. ముఖములను ఎక్కువగ ప్రక్కనుండి చూచినట్లు చిత్రించుటచే చెవి చూపరికి నేరుగ ఎదురగును. అందువలన చెవినగ తక్కిన నగలకంటె స్పష్టముగ కనబడును. మెడను అంటుకొనియున్న పట్టెడ, దాని క్రింద పేటలు పేటలుగ దిగు హారములు, దండలకు వంకీలు, ముంజేతులకు గాజుల వరుస, నడుమునకు వడ్డాణము, కాళ్లకు అందెలు ఇవియన్నియు చిన్న చుక్కలతో, సన్నని గీతలతో చూపబడినవి. పొడవైన కుళ్లాయి పెట్టిన పురుషుల చెవులకు, మెడలకు గూడ నగలకు కొదువ లేదు. నగ స్త్రీలకే చెందినదని తలచు నేటివారు ఆ కప్పు క్రింద కొంతసేపు నిలిచి చూడవలెను.

ఒక్కటి గమనింపదగినది. ఆ చిత్రములలో నగ శరీరము వంపును అనుసరించి నడచును. హారము రొమ్ముపై ఎచ్చట వంగవలెనో అచ్చట వంగును. వడ్డాణము నడుము సన్నమును చూపును. వంకీ దండ గుండ్రదనమును చూపును. పేయిస్ చూచిన బరువు ఇచ్చట లేదు. చిత్రకారునకు బంగారము ఖర్చు లేదు గనుక తూకముతో పని లేకపోయినది, రూపుతోనే పని. ఆలయమునందలి లతామంటపపు స్తంభములపై స్తంభమునకొక తీరున చెక్కిన లతలును, పూవులును చీరల అంచులకు నమూనాలుగ ఉపకరించుచున్నవి. చీరకు పనికివచ్చినది నగకు పనికిరాదనుటకు వీలులేదు.

విరూపణ్ణ రాజకోశమునకు అధికారి యనియు, రాజు లేని సమయమున కోశధనమును గుడికి వెచ్చించెననియు, రాజు ఆగ్రహమునకు ముందే తన కన్నులను తానే పెరికి గోడకు కొట్టెననియు స్థలకథ. కల్యాణమంటపము అసంపూర్ణముగ నిలిచిపోవుటకు ఇదే కారణమందురు. కథ నిజమైనను కాకున్నను, లెక్కలు చూచువారికి అది గుండె జలదరింపజేయు కథయే. ఖజానాలో నున్న సొమ్ము మాత్రము ఏమైనది? 1565లో తళ్లికోట యుద్ధము ఓడిన పిదప తిరుమలరాయలు 550 ఏనుగులపై బంగారమును, రత్నములను ఎక్కించుకొని పెనుకొండకు వచ్చెనని చరిత్రకారుడు సూయెల్ వ్రాసెను. పెనుకొండ కోట యున్నది. ఆ ఏనుగులు మోసిన నగలలో ఇది యని చూపదగినది ఒక్కటియు లేదు. సైన్యముల జీతములకు, కప్పములకు బంగారము కరగి నాణెమగును. నాణెము మరల చేతులు మారును. విరూపణ్ణ రాతిపై పెట్టినది మాత్రము కండ్లయెదుట నున్నది.

రాజుల సొమ్మునకు యుద్ధమెట్టిదో, ఈ సీమ ప్రజల సొమ్మునకు కరువు అట్టిది. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును పీడించిన మహాక్షామమును, అది ధాత సంవత్సరమున మొదలగుటచే, ధాతకరువందురు. అనంతపురము నాడు బళ్లారి జిల్లాలోనిది. ఆ జిల్లా తీవ్రముగ దెబ్బతిన్నవానిలో నొకటి. 1882లో గాని అనంతపురము వేరు జిల్లా కాలేదు. ఆ కరువు దినములలో వెండినగలు రాసులుగ బొంబాయి టంకసాలకు చేరి కరగి రూపాయలైనవి. కరువులో నగను అమ్మువాడు దానిని నగగా అమ్మడు, తూకముగ అమ్మును. పనివాని కూలి పోవును, తరుగు పోవును, ధాన్యపు ధర పెరిగినప్పుడే వెండి ధర తగ్గుటచే అందును పోవును. కడియముపైనున్న మకరముఖమునకు, నాగరముపైనున్న పడగకు ఏ వర్తకుడును ఒక్క దమ్మిడీ కట్టి యియ్యడు. ఎన్ని తరముల రూపములు ఆ మూసలలో కరగినవో లెక్కగట్టువారు లేరు. ఈ సీమలో అవ్వల నాటి నగ యని చూపబడునది సాధారణముగ రెండు మూడు తరములకు లోపలిదే యగుట ఈ కారణముచేతనే.

అయినను రూపము పూర్తిగ చావలేదు. దానిని బ్రతికించినది కంసాలి కుంపటి. వాని పెట్టెలో కంచు అచ్చులు, కమ్మచ్చు, పటకారు, ఒరగల్లు, వెలిగారము, ఊదుగొట్టము ఉండును. బంగారపు రేకును అచ్చులో నొత్తి, లోపల లక్క నింపి, చీరణముతో పైపని దీర్చును. పాత నగ కరగినను అచ్చు కరగదు. వర్షములు పండిన ఏట అదే అచ్చునుండి అదే మామిడిపిందె మరల పుట్టును. ఆ రూపములను ఎన్నుకొనుటలో గూడ మన పల్లెలవారి మనసు కనబడును. మామిడిపిందెల హారమునకు పండు కాక పిందెనే ఎన్నుకొనిరి. మల్లెమొగ్గల దండకు విరిసిన పూవు కాక మొగ్గను ఎన్నుకొనిరి. పెండ్లికూతురి మెడకు రాబోవు దానిని తలపించు వస్తువే తగినదని వారి భావము కాబోలు. పాపిటకు రెండు వైపుల సూర్యచంద్రులు, జడపై నాగరము, చెవులకు చిలుకలు. తల యంతయు ఒక చిన్న లోకమే. అరువు తెచ్చుకొను ఆశను మాత్రము పెద్దలు హెచ్చరించిరి: ఎరువు సొమ్ము బరువు చేటని సామెత.

రూపము నిలిచిన మరియొక తావు ధర్మవరము దగ్గరి నిమ్మలకుంట. అచ్చటి తోలుబొమ్మల కళాకారులు మేకతోలును పలుచగ శుభ్రము చేసి, ఆరబెట్టి, రాముని, సీతను, రావణుని గీసి రంగులు వేయుదురు. ఆ బొమ్మల నగలను వారు చిన్న ఉలులతో చిల్లులు పొడిచి చూపుదురు. తెర వెనుక దీపము పెట్టగానే ఆ చిల్లులగుండ వెలుగు వచ్చి కిరీటమున రవ్వలుగను, మెడలో ముత్యములుగను మెరయును. వీసమెత్తు బంగారము లేదు. ఉన్నది తోలులో లేనితనము మాత్రమే. అయినను సీత మెడలో హారము లేదని చెప్పగల బాలుడు ప్రేక్షకులలో ఉండడు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. సొమ్ము ఏమియు లేక రూపము ఒక్కటియే నగ కాగలదనుటకు ఈ బొమ్మలకంటె సాక్ష్యము అక్కరలేదు.

కంసాలి కుంపటికి పెద్దదెబ్బ కరువువలన కాక చట్టమువలన తగిలినది. చైనా యుద్ధము ముగిసిన పిదప, 1963 జనవరిలో కేంద్రప్రభుత్వము బంగారు నియంత్రణ నిబంధనలను తెచ్చి, 14 క్యారెట్లకు మించిన నాణ్యతతో క్రొత్త నగలు చేయరాదనెను. 22 క్యారెట్ల మెత్తని బంగారమునకు అలవడిన చేతులు ఆ గట్టి లోహముతో పని చేయజాలక, చేయించుకొనువారు రాక, దేశమంతట లక్షలాది స్వర్ణకారులు జీవనము కోల్పోయిరి. కొందరు ప్రాణములు తీసికొనిరి. నిబంధనలు పిదప సడలినవి; 1968లో బంగారు నియంత్రణ చట్టము వచ్చెను; 1990లో అది రద్దయ్యెను. అంతలో ఎందరో తమ బిడ్డలను వేరు వృత్తులకు పంపివేసిరి. నాడు జనులు వలదన్న 14 క్యారెట్ల బంగారమునకే నేడు 585 అను ముద్ర వేసి అమ్ముచున్నారు. ధర పెరిగినందున కొనువారు తామే అడుగుచున్నారు.

నేటి నగల రూపకల్పన కంప్యూటరు తెరపై జరుగును. అచ్చట గీసిన బొమ్మను యంత్రము మైనముతో తీర్చును. మైనము కరగిన ఖాళీలో బంగారము పోయుదురు. ఒకే రూపము వేయి మెడలకు వెళ్లును. 2021 జూన్ 23 నుండి దేశమున 256 జిల్లాలలో హాల్‌మార్కు తప్పనిసరియైనది. 2023 ఏప్రిల్ 1 నుండి ప్రతి నగపై ఆరు అక్షరాంకముల గుర్తు ఉండవలెను. త్రాసు మోసము, పూత మోసము తగ్గుటకు ఇది మేలైన యేర్పాటు, కౌటిల్యుడున్నచో సంతోషించును. ఇప్పుడు పెండ్లిండ్లలో ఎక్కువగ అడుగునది గుడినగల తీరు. లక్ష్మి, నెమలి, మామిడిపిందె, కెంపు పొదుగుడు కలిసిన ఈ తీరు మొదట దేవతామూర్తులకును, నాట్యగత్తెలకును చేసినది. నాగర్‌కోయిల్ దగ్గరి వడశేరి ఆ పనికి పేరొందినది. పాతరూపము మరల వచ్చుట మంచిదే. కాని దేవుని విగ్రహము కదలదు. మనిషి మెడ కదలును. విగ్రహమునకు చేసిన కొలతలను మనిషికి తొడిగినచో మరల పేయిస్ చూచిన చెలికత్తెలే కావలసివచ్చును. లేపాక్షి కప్పును చూచిన రూపకర్త ఈ పొరపాటు చేయడు.

బందరు దగ్గరి చిలకలపూడి నగలను గురించియు ఒక మాట చెప్పవలెను. ఇత్తడి, రాగిపై బంగారు పూత పూసిన ఆ నగలను జనులు ఎగతాళికి వాడుకొనిరి. చిలకలపూడి బంగారమన్నచో నకిలీ యని అర్థము. ఈ ఎగతాళి న్యాయము కాదు. వానిని ధరించు స్త్రీ రూపము కొరకే ధరించుచున్నది. కరువు వచ్చినను వానిని ఎవ్వరును కరగింపరు. ఒకవిధముగ అవి నిమ్మలకుంట సీతమ్మ హారమునకు చెల్లెండ్రు.

నిజమైన బంగారు నగ ఈ సీమలో ఎచ్చట నున్నది? వేరుసెనగ విత్తనము కొనుటకు జూన్ నెలలో బ్యాంకునకు వెళ్లును. పంట వచ్చినచో ఇంటికి వచ్చును. రానిచో వడ్డీ కట్టి అచ్చటనే ఉండును. అదియు కట్టలేనిచో వేలమునకు వెళ్లును. సంవత్సరమున పండుగ రెండు దినములు మెడలో, తక్కిన దినములు ఇనుపగదిలో. బ్యాంకువారి మదింపుదారు ఒరగల్లుపై గీచి, రాళ్ల బరువు, లక్క బరువు తీసివేసి, చీటీపై వ్రాయును: హారము ఒకటి, నికరపు తూకము ఇన్ని గ్రాములు. తంజావూరి శాసనము ప్రతి నగ పేరును, దోషమును వ్రాసినది. ఈ చీటీలో మామిడిపిందె లేదు, చిలుక లేదు. అందు ఆ మదింపుదారుని దోషమేమియు లేదు. ఆయనను అడిగినది సొమ్మును గురించి మాత్రమే.

కనుక రూపమును వ్రాసిపెట్టుకొను పని ఇంటివారిదే, ఊరివారిదే. పాత నగను దుకాణమున మార్పిడికి ఇచ్చుటకు ముందు, బ్యాంకునకు పోవుటకు ముందు, దానిని తెల్లకాగితము క్రింద నుంచి పెన్సిలుతో మెల్లగ రుద్దినచో పైనున్న పని అంతయు కాగితముపై దిగును. శాసనములకు అచ్చు తీయు పండితులు చేయునది ఇట్టి పనియే. చేతిలోని ఫోనుతో ఇరుప్రక్కల చిత్రము తీయుట మరింత సులభము. ఆ కాగితములను గ్రంథాలయమున ఒక కట్టగ కూర్చవచ్చును. కాగితమునకొక నగ, నగ పేరు, ఇంటిలో దానిని పిలుచు పేరు, ఎవరి పెండ్లికి చేసినది, ఏ ఊరిలో చేసినది, కంసాలి పేరు తెలిసినచో ఆ పేరు. తూకము అన్నింటికంటె క్రింద వ్రాయవచ్చును. పాత తులము 11.66 గ్రాములు, నేడు అంగడిలో తులమనునది 10 గ్రాములు గనుక, ఏ తులమో ప్రక్కన గుర్తించుట అవసరము.